ఎసింక్ ఫంక్షన్‌కి ఎల్ఆర్‌యూ క్యాష్ పెడితే రెండోసారి ఎర్రర్ వస్తోంది, మెమరీలో క్యాష్ సరిగ్గా ఎలా పెట్టాలి?

కృష్ణలంక · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పైథాన్ మూడేళ్ళుగా రాస్తున్నాను గానీ ఎసింక్ (ఒక పని జవాబు కోసం ఆగినప్పుడు ఇంకో పని చూసుకునే పద్ధతి) వైపు ఈమధ్యే వచ్చాను. మా ఆఫీసులో మార్కెట్ యార్డు ధరలు చూపించే చిన్న సర్వీసు ఉంది, ఫాస్ట్‌ఏపీఐ అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో రాశాం. రైతు ఫోన్లో యార్డు, పంట ఎంచుకుంటే మా సర్వీసు వెళ్ళి బయటి ధరల సర్వీసుని అడిగి జవాబు తెస్తుంది. ఆ బయటి సర్వీసు ఒక్కో జవాబుకి రెండు సెకన్లు తీసుకుంటుంది. పైగా నిమిషానికి 60 రిక్వెస్టులు దాటితే మమ్మల్ని ఆపేస్తుంది.

ధర ఎలాగూ పది నిమిషాలకోసారే మారుతుంది కదా అని, ధర తెచ్చే ఫంక్షన్ మీద ఫంక్‌టూల్స్‌లోని ఎల్ఆర్‌యూ క్యాష్ డెకరేటర్ పెట్టాను, ఒకసారి వచ్చిన జవాబుని దాచి మళ్ళీ అదే ఇస్తుందని. మొదటిసారి బాగానే వచ్చింది. అదే పేజీ రిఫ్రెష్ చేస్తే 500, అంటే సర్వర్ ఎర్రర్. లాగ్‌లో రన్‌టైమ్ ఎర్రర్, ఇప్పటికే అవెయిట్ అయిపోయిన కోరొటీన్‌ని మళ్ళీ వాడలేరు అని. టెస్టులన్నీ పాసయ్యాయి, ఎందుకంటే ఏ టెస్టూ ఒకే ధరని రెండుసార్లు అడగదు.

రేపు తెల్లారి యార్డు తెరిచేలోపు ఇది సరిచేయాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చూసి చెప్పగలరా?

ఓరుగల్లు_కోట · ఆదివారం రాత్రి 9:58

కంగారు పడకండి, ఇది చాలామందికి ఎదురైందే.

ఎసింక్ డెఫ్ ఫంక్షన్‌ని పిలిస్తే లోపలి పని మొదలవదు. కోరొటీన్ అనే వస్తువు ఒకటి చేతికొస్తుంది, అంతే. దాన్ని అవెయిట్ చేసినప్పుడే పని జరుగుతుంది. టిఫిన్ సెంటర్లో కౌంటర్ దగ్గర టోకెన్ తీసుకుంటాం చూడండి, అలాంటిది. టోకెన్ ఇచ్చి ఇడ్లీ తీసుకున్నాక ఆ టోకెన్ మళ్ళీ చెల్లదు. ఎల్ఆర్‌యూ క్యాష్ ఇడ్లీకి బదులు టోకెన్‌ని దాచింది. రెండో మనిషికి అదే వాడేసిన టోకెన్ ఇచ్చింది.

దాని తప్పు కూడా కాదు. ఎల్ఆర్‌యూ క్యాష్ 2011లో పైథాన్ 3.2తో వచ్చింది. ఎసింక్, అవెయిట్ మాటలు భాషలోకి వచ్చింది 2015లో, 3.5తో. మామూలు ఫంక్షన్ ఏది తిరిగిస్తే అది దాచడమే దాని పని, ఇక్కడ అది కోరొటీన్.

ఈ రాత్రికి ఇంత చాలు: డెకరేటర్ తీసేయండి. ఒక మామూలు డిక్షనరీ పెట్టండి. కీ యార్డు, పంట కలిసిన టపుల్. విలువలో ధర, దాంతోపాటు గడువు సమయం. గడువు లెక్కకి టైమ్ మాడ్యూల్‌లోని మోనోటానిక్ వాడండి, టైమ్ డాట్ టైమ్ వద్దు. సర్వర్ గడియారాన్ని ఎవరైనా సరిచేస్తే అది వెనక్కీ ముందుకీ దూకుతుంది, మోనోటానిక్ ఎప్పుడూ ముందుకే పోతుంది.

కృష్ణలంక · ఆదివారం రాత్రి 11:25

చేశాను, పని చేస్తోంది. రిఫ్రెష్ కొడితే కనురెప్పపాటులో వస్తోంది. చాలా థాంక్స్ అండి.

కృష్ణలంక · సోమవారం ఉదయం 7:10

మళ్ళీ నేనే. పొద్దున్నే బయటి సర్వీసు మమ్మల్ని ఆపేసింది. లాగ్ తీసి చూస్తే ఒకే యార్డు, ఒకే పంటకి రెండు సెకన్లలో 41 రిక్వెస్టులు బయటికి వెళ్ళాయి. క్యాష్ ఉంది, కీ అదే, గడువు కూడా సరిగ్గానే ఉంది. అయినా 41 ఎందుకు వెళ్ళాయో అర్థం కావడం లేదు.

రాత్రిడ్యూటీ · సోమవారం ఉదయం 7:32

ఆ రెండు సెకన్లలో ఏం జరిగిందో ఒక్కో అడుగూ చూద్దాం.

మొదటి రైతు అడిగాడు. డిక్షనరీలో చూశారు, లేదు. బయటి సర్వీసుకి రిక్వెస్ట్ పంపి అవెయిట్ దగ్గర ఆగారు. జవాబు రావడానికి రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లూ ఈవెంట్ లూప్ (ఎసింక్ పనుల్ని వంతులవారీగా నడిపేది) ఖాళీగా కూర్చోదు, మిగతావాళ్ళ పని చూస్తుంది. రెండో రైతు వచ్చాడు, డిక్షనరీ ఇంకా ఖాళీ, అతను కూడా బయటికి పంపాడు. మూడో అతనూ అంతే. మొదటి జవాబు వచ్చి డిక్షనరీలో పడేలోపు 41 మంది గడప దాటేశారు.

దీన్ని క్యాష్ స్టాంపీడ్ అంటారు, అంటే తొక్కిసలాట. యార్డు తెరిచే వేళ అందరూ ఒకే ధర చూస్తారు కాబట్టి మీకు పొద్దున్నే తగిలింది. చూడటానికీ దాచడానికీ మధ్య అవెయిట్ ఉన్న ప్రతి చోటా ఇది జరుగుతుంది. మీ డిక్షనరీలో తప్పు లేదు, దాచే సమయంలో ఉంది. పని పూర్తయ్యాక దాస్తున్నారు. పని మొదలెట్టగానే దాచాలి.

నాగావళి · సోమవారం ఉదయం 7:50

నేను జావాస్క్రిప్ట్ మనిషిని. మా దగ్గర ఇందుకోసం ఫెచ్ ఇచ్చిన ప్రామిస్‌నే (తర్వాత రాబోయే జవాబుకి హామీ లాంటి వస్తువు) మ్యాప్‌లో పెట్టేస్తాం. ప్రామిస్‌ని ఎంతమందైనా, ఎన్నిసార్లయినా అవెయిట్ చేయొచ్చు, అందరికీ అదే జవాబు. పైథాన్ కోరొటీన్‌కి ఆ సౌకర్యం లేదన్నమాట?

ఓరుగల్లు_కోట · సోమవారం ఉదయం 8:15

కోరొటీన్‌కి లేదు, టాస్క్‌కి ఉంది నాగావళి గారూ. ఎసింక్ఐఓలోని క్రియేట్ టాస్క్‌కి కోరొటీన్‌ని అప్పగిస్తే పని వెంటనే లూప్‌లో వరసకెక్కుతుంది, చేతికి టాస్క్ వస్తుంది. ఆ టాస్క్‌ని వందమంది అవెయిట్ చేసినా పని ఒక్కసారే జరుగుతుంది. మీ ప్రామిస్‌కి ఇక్కడ సరైన జోడీ అదే.

కృష్ణలంక గారూ, కోడ్ మాటల్లో ఇస్తున్నాను, మీరు పైథాన్‌లోకి మార్చుకోండి:

కీ కోసం డిక్షనరీలో చూడు.
ఉంది, గడువు దాటలేదు: ఆ టాస్క్‌నే తీసుకో.
లేదు, లేదా గడువు దాటింది: కొత్త టాస్క్ సృష్టించు, వెంటనే డిక్షనరీలో పెట్టు.
చివర్లో ఒక్కసారి ఆ టాస్క్‌ని అవెయిట్ చేసి ఫలితం ఇవ్వు.

చూడటానికీ పెట్టడానికీ మధ్య అవెయిట్ లేదు, గమనించండి. ఈవెంట్ లూప్ ఒకే థ్రెడ్‌లో నడుస్తుంది, అవెయిట్ దగ్గర తప్ప టాస్క్ మారదు. కాబట్టి ఆ రెండు లైన్ల మధ్యకి ఇంకో రైతు దూరే అవకాశమే లేదు. లాక్ కూడా అక్కర్లేదు. అయితే రేపు ఎవరైనా ఆ మధ్యలో చిన్న అవెయిట్ చేరిస్తే మళ్ళీ 41 వెళ్తాయి. అందుకే ఆ చోట ఒక కామెంట్ రాసి పెట్టండి.

గడువు లెక్క మాత్రం టాస్క్ పూర్తయ్యాక మొదలెట్టండి, ఇంకా నడుస్తున్న టాస్క్‌కి గడువు లేదనుకోండి.

కొత్తపలక · సోమవారం ఉదయం 9:05

నేను ఇప్పుడే నేర్చుకుంటున్నాను అన్నా. అవెయిట్ కనిపించిన ప్రతి చోటా లూప్ వేరే టాస్క్‌కి వెళ్ళిపోతుందా?

రాత్రిడ్యూటీ · సోమవారం ఉదయం 9:20

ప్రతి చోటా వెళ్ళదు తమ్ముడూ. నిజంగా ఎదురుచూడాల్సి వచ్చినప్పుడే వెళ్తుంది. లోపలి ఫంక్షన్ దేనికోసమూ ఆగకుండా జవాబిచ్చేస్తే అవెయిట్ ఉన్నా లూప్ మారదు. పూర్తయిపోయిన టాస్క్‌ని అవెయిట్ చేసినా అంతే, జవాబు అక్కడికక్కడే వస్తుంది. కానీ కోడ్ రాసేటప్పుడు అవెయిట్ కనిపిస్తే మారొచ్చు అనుకునే రాయి. మారదని నమ్మి రాస్తే, లోపలి ఫంక్షన్‌ని ఎవరో మార్చిన రోజు ఎక్కడ తెగిందో వెతకలేవు.

కృష్ణలంక · మంగళవారం ఉదయం 8:45

టాస్క్ దాచే పద్ధతి పెట్టాను. పొద్దున ఒకే కీకి పదుల కొద్దీ రిక్వెస్టులు వెళ్ళడం ఆగింది, చూసి ప్రాణం లేచొచ్చింది. కానీ 6:20కి బయటి సర్వీసు ఒక్కసారి 503 (ఇప్పుడు సేవ అందదనే ఎర్రర్) ఇచ్చింది. ఆ తర్వాత పది నిమిషాలు ఆ యార్డు అడిగినవాళ్ళలో కొందరికి మళ్ళీ మళ్ళీ అదే 503! అవతల సర్వీసు నిమిషంలో బాగైపోయింది, మా దగ్గర మాత్రం తప్పు అలాగే నిలిచిపోయింది.

ఓరుగల్లు_కోట · మంగళవారం ఉదయం 9:10

ఇది నిన్ననే చెప్పాల్సింది, క్షమించండి. టాస్క్ విఫలమైతే ఆ ఎక్సెప్షన్ దాని లోపలే ఉంటుంది, అవెయిట్ చేసిన ప్రతిసారీ పైకొస్తుంది. టాస్క్ సృష్టించగానే దానికి డన్ కాల్‌బ్యాక్ (టాస్క్ ముగిశాక నడిచే ఫంక్షన్) తగిలించండి. ముగిశాక ముందు రద్దయిందా అని చూడండి, ఆ తర్వాత ఎక్సెప్షన్ ఉందా అని చూడండి. రద్దయిన టాస్క్‌ని ఎక్సెప్షన్ అడిగితే క్యాన్సిల్డ్ ఎర్రర్ లేస్తుంది, అందుకే ఆ వరస. రెంటిలో ఏదైనా ఉంటే డిక్షనరీలోంచి తీసేయండి.

తీసేముందు ఒక్కటి చూసుకోండి. డిక్షనరీలో ఆ కీ దగ్గర ఇప్పుడున్నది ఇదే టాస్కా? ఈలోపు ఎవరో క్యాష్ ఖాళీ చేసి కొత్త టాస్క్ పెట్టి ఉంటే, పాతది విఫలమై పోతూ పోతూ కొత్తదాన్ని తీసేస్తుంది.

సరళ_పైథాన్ · మంగళవారం మధ్యాహ్నం 1:30

దీని పక్కనే ఇంకోటి ఉంది. మా టీమ్‌కి రెండు రోజులు పట్టింది కనిపెట్టడానికి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా దగ్గరా ఇలాగే టాస్క్‌ని పంచుకునే క్యాష్ ఉండేది. ఒక పేజీ మాత్రం ఒక సెకను కన్నా ఎక్కువ ఆగకూడదని ఎసింక్ఐఓ వెయిట్ ఫర్‌లో చుట్టి పిలిచేది. సెకను దాటగానే వెయిట్ ఫర్ తను పిలిచినదాన్ని రద్దు చేస్తుంది. ఆ రద్దు అక్కడితో ఆగదు, అవెయిట్ దారి పట్టుకుని లోపలున్న టాస్క్ దాకా పోతుంది. ఆ టాస్క్ మీదే ఇంకో ముప్ఫై మంది ఎదురుచూస్తున్నారు. తొందరున్న ఒక్కడు లేచి వెళ్ళిపోతే మిగతా ముప్ఫై మంది విస్తళ్ళూ ఎత్తేసినట్టయింది. అందరికీ క్యాన్సిల్డ్ ఎర్రర్.

పట్టుకోవడం ఎందుకు కష్టమైందంటే, ఎర్రర్లు లాగ్ చేసే చోట ఎక్సెప్ట్ ఎక్సెప్షన్ అని రాసుకున్నాం. పైథాన్ 3.8 నుంచి క్యాన్సిల్డ్ ఎర్రర్ ఎక్సెప్షన్ కిందకి రాదు, నేరుగా బేస్ ఎక్సెప్షన్ కిందకి వస్తుంది. మా లాగ్‌లో ఒక్క గీత లేదు, జనానికి మాత్రం పేజీ రాదు.

మందు చిన్నదే. టాస్క్‌ని నేరుగా అవెయిట్ చేయకుండా ఎసింక్ఐఓ షీల్డ్‌లో చుట్టి అవెయిట్ చేయండి. అప్పుడు వెళ్ళిపోయేవాడు ఒక్కడే వెళ్తాడు, పని కొనసాగుతుంది. లూప్ టాస్కుల్ని బలహీన రిఫరెన్సుతోనే పట్టుకుంటుంది కాబట్టి ఎవరో ఒకరు గట్టిగా పట్టుకుని ఉండాలి. ఇక్కడ మీ డిక్షనరీయే పట్టుకుంటుంది, అది బాగుంది. కానీ సైజు తగ్గించడానికి పాత ఎంట్రీలు తీసేటప్పుడు ఇంకా నడుస్తున్న టాస్కుల జోలికి పోకండి.

కృష్ణలంక · మంగళవారం మధ్యాహ్నం 2:05

సరళ గారూ, మా దగ్గర కూడా హోమ్ పేజీకి వెయిట్ ఫర్ ఉంది! ఇంకా తగల్లేదంతే. ఇప్పుడే షీల్డ్ పెడుతున్నాను. మీరు రాయకపోతే ఏ పండగ రోజో రాత్రి కూర్చుని వెతుక్కునేవాణ్ణి.

పల్నాడు_పైతాన్ · మంగళవారం సాయంత్రం 6:40

ఇన్ని తిప్పలు ఎందుకండీ, రెడిస్ (విడిగా నడిచే క్యాష్ సర్వర్) పెట్టుకుంటే పోలా? గడువు అదే చూసుకుంటుంది. రెడిస్ పైథాన్ క్లయింట్‌లో 2022లో వచ్చిన 4.2 నుంచే ఎసింక్ కూడా ఉంది, వేరే లైబ్రరీ అక్కర్లేదు.

రాత్రిడ్యూటీ · మంగళవారం సాయంత్రం 7:15

రెడిస్ మంచిదే, నేనూ వాడతాను. కానీ ఈ గొడవ దానితో తీరదండి. రెడిస్‌లో చూడటం ఒక అవెయిట్, పెట్టడం ఇంకో అవెయిట్. రెంటి మధ్యా 41 మంది దూరిపోతారు, అక్కడ కూడా తాళం వేసుకోవాల్సిందే.

కృష్ణలంక గారూ, మీరు ఎన్ని వర్కర్లు నడుపుతున్నారు? ఒక్కో వర్కర్ ఒక్కో ప్రాసెస్, దేని మెమరీ దానిదే. నాలుగు ఉంటే నాలుగు క్యాష్‌లు. ఒక్కో ధర కోసం పది నిమిషాల్లో గరిష్ఠంగా నాలుగు రిక్వెస్టులు బయటికి వెళ్తాయి. అది మీ పరిమితికి సరిపోతే మెమరీ క్యాషే చాలు. వంటింట్లో పోపుల పెట్టె చేతికందేలా ఉంటే చాలు, ప్రతి పోపుకీ కొట్టుకి పరిగెత్తక్కర్లేదు. వర్కర్లు ఇరవై అయ్యాక, లేదా క్యాష్ ఖాళీ చేస్తే అన్నిచోట్లా ఒకేసారి ఖాళీ కావాలనుకున్నప్పుడు రెడిస్ సంగతి చూడొచ్చు.

కృష్ణలంక · మంగళవారం సాయంత్రం 7:30

నాలుగే అండి. అయితే నిన్న క్యాష్ ఖాళీ చేసే లింక్ కొడితే ఒకసారి కొత్త ధర, ఒకసారి పాత ధర వచ్చింది ఇందుకేనన్నమాట! లింక్ ఒక వర్కర్‌కే తగిలింది.

పల్నాడు_పైతాన్ · మంగళవారం సాయంత్రం 7:48

ఒప్పుకుంటున్నాను, తొక్కిసలాట సంగతి నేను ఆలోచించలేదు. మా దగ్గర కూడా ఉందేమో రేపు చూడాలి.

సరళ_పైథాన్ · మంగళవారం రాత్రి 8:20

లైబ్రరీల మాట కూడా చెప్పుకుందాం. ఎసింక్ ఎల్ఆర్‌యూ అని ఒకటుంది, ఎఐఓ లిబ్స్ వాళ్ళది. అందులోని ఏ ఎల్ఆర్‌యూ క్యాష్ డెకరేటర్ పెడితే ఒకే కీకి ఒకేసారి ఎంతమంది వచ్చినా పని ఒక్కసారే జరిగేలా అదే చూసుకుంటుంది, గడువు కూడా ఇవ్వొచ్చు. ఎఐఓ క్యాష్ అని ఇంకోటి, అది మెమరీతోనూ రెడిస్‌తోనూ పని చేస్తుంది. అందులో మామూలు క్యాష్డ్ డెకరేటర్ తొక్కిసలాటని ఆపదు, దానికి క్యాష్డ్ స్టాంపీడ్ అని విడిగా ఉంది. క్యాష్‌టూల్స్‌లోని టీటీఎల్ క్యాష్ (గడువుతో దాచేది) చక్కగా ఉంటుంది గానీ దాని డెకరేటర్ ఎసింక్ ఫంక్షన్ల కోసం కాదు, మీ డిక్షనరీ చోట పెట్టెలా వాడుకోవాలి అంతే.

నా అభిప్రాయం అడిగితే, మొదట ఒకసారి సొంతంగా రాయండి, మీరు రాసినట్టే. ఆ తర్వాత లైబ్రరీకి మారండి.

కృష్ణలంక · బుధవారం ఉదయం 11:30

ఈరోజు జరిగింది చెప్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

బయటి సర్వీసు క్వింటాలు ధర ఇస్తుంది. మా పేజీలో ఒక చోట కిలో ధర చూపించాలి. ఆ కోడ్ రాసినాయన క్యాష్ ఇచ్చిన డిక్షనరీనే తీసుకుని, ధర ఉన్న చోట వందతో భాగించి అక్కడే తిరిగి పెట్టాడు. క్యాష్ లేనప్పుడు ప్రతిసారీ కొత్త జవాబు వచ్చేది కాబట్టి ఇబ్బంది లేదు. ఇప్పుడు అందరి చేతిలోనూ ఒకే వస్తువు. క్వింటాలు 18,000 ఉన్న మిర్చి, మొదటి రైతుకి కిలో 180. రెండో రైతుకి 1.80. మూడో అతనికి 0.018. ఒక పెద్దాయన ఫోన్ చేసి, ఏం బాబూ మా కాయ రూపాయికి దిగిపోయిందా అని అడిగాడు. నాకు గొంతు పెగల్లేదు. ఆయన ఆ ధర చూసి సరుకు వెనక్కి తీసుకెళ్ళిపోయి ఉంటే?

వెంటనే క్యాష్‌లో పెట్టేదాన్ని మార్చలేని డేటాక్లాస్ చేశాను. ఇప్పుడు ఎవరైనా దాంట్లో రాయబోతే ఎర్రర్ వస్తుంది.

ఓరుగల్లు_కోట · బుధవారం మధ్యాహ్నం 12:10

మంచి పని చేశారు. డేటాక్లాస్ ఫ్రోజెన్ అయినా దాని లోపల లిస్ట్ ఉంటే ఆ లిస్ట్ మారుతుంది, దాన్ని టపుల్ చేయండి.

నాగావళి · బుధవారం మధ్యాహ్నం 12:40

ఇది చదివి మా మ్యాప్ కూడా తెరిచి చూశాను. ఒక చోట సార్ట్ ఉంది, జావాస్క్రిప్ట్‌లో సార్ట్ కొత్తది ఇవ్వదు, ఉన్న అరేలోనే వరస మార్చేస్తుంది. సరిచేశాను. థాంక్స్ కృష్ణలంక గారూ.

రాత్రిడ్యూటీ · బుధవారం రాత్రి 10:15

కీ సంగతి ఎవరూ ఎత్తలేదు. కీలో యార్డు, పంట తప్ప ఇంకేమైనా ఉందా?

కృష్ణలంక · బుధవారం రాత్రి 10:30

భాష ఉందండి. తెలుగు, ఇంగ్లీష్, హిందీ.

రాత్రిడ్యూటీ · బుధవారం రాత్రి 10:52

భాష మారితే ధర మారదు కదా. ఒకే ధరని మూడుసార్లు తెస్తున్నారు. భాషని కీలోంచి తీసేయండి, అంకెని క్యాష్ చేయండి, మాటలు తర్వాత చేర్చండి. మీ బయటి రిక్వెస్టులు అక్కడికక్కడే తగ్గుతాయి.

కీల సంఖ్యకి ఒక హద్దు కూడా పెట్టండి. ఆర్డర్డ్‌డిక్ట్ (వరస గుర్తుంచుకునే డిక్షనరీ) తీసుకుని, వాడినప్పుడల్లా మూవ్ టు ఎండ్‌తో చివరికి జరపండి. హద్దు దాటితే మొదట్లో ఉన్నది, అంటే అందరికన్నా ఎక్కువసేపు ఎవరూ అడగనిది, తీసేయండి. సరళ గారు చెప్పినట్టు నడుస్తున్నది అయితే వదిలి తర్వాతది చూడండి. పంట పేరు చోట ఎవరైనా ఇష్టం వచ్చినట్టు టైప్ చేసి పంపితే ప్రతి తప్పు పేరూ ఒక కొత్త కీ అవుతుంది. కాబట్టి క్యాష్ దాకా రాకముందే అలాంటివి ఆపండి.

కొత్తపలక · గురువారం ఉదయం 6:50

అన్నా, నేను ఇంట్లో ఇదంతా రాసి చూస్తున్నాను. రెండో టెస్టులో ఫ్యూచర్ వేరే లూప్‌కి చెందింది అని ఎర్రర్ వస్తోంది. ఒక్కటే నడిపితే పాసవుతోంది.

సరళ_పైథాన్ · గురువారం ఉదయం 7:25

క్యాష్ డిక్షనరీ మాడ్యూల్ పైన పెట్టి ఉంటావు. ఒక్కో టెస్టుకి కొత్త ఈవెంట్ లూప్ వస్తుంది, డిక్షనరీ మాత్రం పాతదే. మొదటి టెస్టులో ఇంకా పూర్తికాని టాస్క్ ఏదో అందులో మిగిలిపోయింది, రెండో లూప్ దాన్ని అవెయిట్ చేయబోతోంది. క్యాష్‌ని ఒక క్లాస్ చేసి, ప్రతి టెస్టుకీ కొత్తది సృష్టించు. యాప్‌లో అయితే లైఫ్‌స్పాన్ (యాప్ మొదలైనప్పుడూ ముగిసేటప్పుడూ నడిచే కోడ్) మొదట్లో ఒకసారి సృష్టిస్తే చాలు.

కొత్తపలక · గురువారం ఉదయం 8:02

పాసయ్యాయి అక్కా! ఒకే ధరని 50 మంది ఒకేసారి అడిగే టెస్టు కూడా రాశాను, గ్యాదర్‌తో. బయటి ఫంక్షన్‌ని ఎన్నిసార్లు పిలిచిందో లెక్కపెడితే 1 వచ్చింది.

కృష్ణలంక · గురువారం ఉదయం 8:40

తమ్ముడూ, ఆ టెస్టు ఇక్కడ పెట్టగలవా? మా రెపోలో కూడా చేరుస్తాను. ఈ పొద్దున భాష తీసేసిన కీతో నడిపాను. ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఏ నిమిషంలోనూ బయటికి 22 మించి వెళ్ళలేదు.